20లో 16 ఒక్కడివే: బ్రిటన్ సింగిల్స్ చార్టుపై ఒక కేస్ స్టడీ

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఒక కాగితం ప్రింట్ తీసి ఇస్తాను. 2017 మార్చి 10 నాటి బ్రిటన్ అధికారిక సింగిల్స్ చార్టు, మొదటి 20 స్థానాలు. ఏం కనిపిస్తోందో చెప్పమంటాను. ఎడ్ షీరన్, ఎడ్ షీరన్, ఎడ్ షీరన్. బ్రిటన్ గాయకుడు. 20 పాటల్లో 16 ఆయనవే. మొదటి పదిలో తొమ్మిది. ఆ పదిలో మిగిలిన ఒకే ఒక్క చోట చైన్‌స్మోకర్స్, కోల్డ్‌ప్లే కలిసి చేసిన పాట ఉంటుంది.

అందరూ ఒకటే మాట అంటారు: "ఎక్కడో లెక్క తప్పింది సార్."

తప్పలేదు. ఆ వారం బ్రిటన్‌లో జనం నిజంగానే అలా విన్నారు. ఎంత తవ్వినా అందులో దొంగ లెక్క దొరకదు. లెక్క అంత సరిగ్గా ఉండి కూడా ఆ చార్టు ఎందుకూ పనికిరాకుండా పోయింది. నాలుగు నెలలు తిరగకముందే దాన్ని నడిపేవాళ్లు కూర్చుని రూల్స్ మార్చారు. నేను హైదరాబాద్‌లో ఒక ఆడియో కంపెనీలో డిజిటల్ రిలీజులు చూస్తాను. పాట అప్‌లోడ్ అయిన గంట నుంచి నంబర్లతోనే నా బతుకు. అందుకే ఈ కేసు నాకు ముఖ్యం. మన ఊళ్లో "నంబర్ వన్" అనే మాట వెనక ఉన్న గందరగోళమంతా ఇందులో కనిపిస్తుంది.

ముందు ఆ వారం ఏం జరిగిందో చూద్దాం. షీరన్ ఆల్బమ్ మార్చి 3న వచ్చింది. పేరుకు బదులు కవర్ మీద భాగహారం గుర్తు, అంతే. డీలక్స్ ఎడిషన్‌లో 16 పాటలు. మొదటి వారంలోనే బ్రిటన్‌లో దాదాపు 6,72,000 యూనిట్లు, అంటే అమ్మకాలూ స్ట్రీములూ కలిపిన లెక్క. అంతకుముందు అంత వేగంగా అమ్ముడైనవి అడెల్ ఆల్బమ్ ఒకటి, ఒయాసిస్ ఆల్బమ్ ఒకటి, రెండే. అంటే ఆల్బమ్ దుమ్ము దులిపేసిందన్నది నిజం. కానీ అది ఆల్బమ్ చార్టులో చెప్పాల్సిన వార్త. సింగిల్స్ చార్టులోకి ఎలా వచ్చిపడింది?

పాత రోజుల్లో అయితే వచ్చేది కాదు. షాపుకెళ్లి ఆల్బమ్ కొంటే ఆల్బమ్ చార్టులో ఒక అంకె పెరిగేది. సింగిల్ అంటే విడిగా ఒక చిన్న రికార్డు. దాన్ని పనిగట్టుకుని కొంటేనే సింగిల్స్ చార్టులో లెక్క. మన తెలుగులో ఆ తేడా ఎప్పుడూ అంత గట్టిగా లేదు. క్యాసెట్ కొంటే సినిమా పాటలన్నీ కలిసే వచ్చేవి. బ్రిటన్‌లో మాత్రం అది రెండు వేర్వేరు దుకాణాల వ్యాపారంలా నడిచింది.

2005 ఏప్రిల్‌లో డౌన్‌లోడ్లు సింగిల్స్ చార్టులోకి వచ్చాయి. 2007 జనవరి నుంచి పాట డిస్క్ రూపంలో రాకపోయినా చార్టెక్కే వీలు కలిగింది. అంటే ఆల్బమ్‌లో ఏ పాటనైనా సింగిల్‌గా లెక్కపెట్టొచ్చు. అయినా అప్పటికి ప్రమాదం లేదు, ఎందుకంటే ఒక పాటని మనిషి ఒక్కసారే కొంటాడు. 2014 జులైలో స్ట్రీమింగ్‌ని కలిపారు. 100 స్ట్రీములు ఒక అమ్మకంతో సమానం. అసలు కథ మారింది ఇక్కడ. కొనడం ఒక్కసారే, వినడం రోజూ. శుక్రవారం ఆల్బమ్ రాగానే ఫోన్లో ప్లే నొక్కి వంట చేసుకుంటున్న మనిషి, తనకు తెలియకుండానే 16 సింగిల్స్‌కి ఓట్లు వేస్తున్నాడు. ఒకే మనిషి ఒకే పాటని పొద్దస్తమానం తిప్పకుండా రోజుకు పది ప్లేలకు మించి లెక్కించరు. పాట కనీసం 30 సెకన్లు ఆడాలి. ఇంత జాగ్రత్త పడ్డారు. కానీ ఒక్క మనిషి 16 పాటలు వరసగా వినడాన్ని ఆపే రూలేదీ అప్పటికి లేదు. అదేమీ మోసం కాదు కదా, ఆపడానికి.

2016లోనే జబ్బు లక్షణాలు కనిపించాయి. ఆ ఏడాది డ్రేక్ పాట ఒకటి వరసగా 15 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఎక్కిన పాట దిగడం లేదు, కొత్తది ఎక్కడం లేదు. దాంతో 2017 జనవరిలో స్ట్రీముల బరువు తగ్గించి 150కి ఒకటి చేశారు. రెండు నెలలకే షీరన్ వచ్చాడు. కాటా మీద రాయి మార్చినా మొగ్గు అటే ఉంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ చార్టుకి అంతకుముందు 60 ఏళ్ల పాటు ఉన్న రోగం వేరు.

1952 నవంబరు 14న న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో బ్రిటన్ మొదటి సింగిల్స్ చార్టు అచ్చయింది. పెర్సీ డికిన్స్ అనే ఆయన దాదాపు 20 షాపులకు ఫోన్ చేసి "ఈ వారం ఏవి బాగా పోయాయి?" అని అడిగి రాసుకున్నాడు. దేశం మొత్తానికి ఆ 20 షాపులే ప్రతినిధులు. టాప్ 12 అని పేరు పెట్టారు గాని, సమాన స్థానాల వల్ల అందులో 15 రికార్డులున్నాయి! (సరిగ్గా అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బుధవారం బుధవారం వచ్చే హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. తర్వాత్తర్వాత అక్కడా రికార్డు షాపుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఉత్తరాలు కలిపే ర్యాంకులు ఇచ్చేవారు. ఆ బుధవారాల గురించి మా నాన్న ఇప్పటికీ చెప్తుంటారు.)

తర్వాత ఒక్కో పత్రికా ఒక్కో చార్టు పెట్టింది. వేర్వేరు షాపులు, వేర్వేరు లెక్కలు. 1963లో బీటిల్స్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లోనూ మెలొడీ మేకర్‌లోనూ మొదటి స్థానం కొట్టింది. రికార్డ్ రిటైలర్‌లో మాత్రం రెండో స్థానం దగ్గరే ఆగింది. ఆ తర్వాత చరిత్ర రాసేవాళ్లు 60ల మొదటి భాగానికి రికార్డ్ రిటైలర్‌నే ప్రమాణంగా తీసుకున్నారు. ఫలితంగా అప్పుడు ఇంగ్లండ్‌లో జనం నంబర్ వన్ అనుకుని విన్న పాట, ఇప్పుడు అధికారిక జాబితాలో నంబర్ వన్ కాదు. బీటిల్స్ నంబర్ వన్‌లన్నీ కలిపి 2000లో వేసిన ఆల్బమ్‌లో కూడా అది లేదు. పాట మారలేదు, అమ్మకాలు మారలేదు. ఏ పుస్తకం నమ్మాలన్నది మాత్రం మారింది.

1969లో బీబీసీ, రికార్డ్ రిటైలర్ కలిసి ఒక సర్వే సంస్థకు పని అప్పగించాయి. ఎంపిక చేసిన షాపులు అమ్మిన రికార్డులని ఒక డైరీలో రాసి పోస్టులో పంపాలి. అప్పుడు ఇంకో రోగం పుట్టింది. ఏ షాపులు డైరీ రాస్తున్నాయో కంపెనీల సేల్స్‌మన్లకు తెలిసిపోయేది. శాంపిల్‌లో ఉన్న షాపులో అమ్మిన ఒక్క రికార్డు, శాంపిల్‌లో లేని ఎన్నో షాపుల తరఫున కూడా లెక్కకొస్తుంది. మరి పెట్టుబడి ఎక్కడ పెడతారు? ఆ షాపుల్లోనే మనుషులని పెట్టి కొనిపించడం, ఫ్రీ రికార్డులిచ్చి డైరీలో నాలుగు టిక్కులు ఎక్కువ పెట్టించడం. 1983లో గాలప్ అనే సర్వే సంస్థ వచ్చి షాపుల్లో కంప్యూటర్ టెర్మినళ్లు పెట్టాక ఇది తగ్గింది.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, 60 ఏళ్లు ఆ చార్టు నడిపినవాళ్లు కష్టపడింది ఒక్కదాని కోసమే. లెక్క నిజం కావాలి. 2014 తర్వాత ఆ కష్టం దాదాపు తీరిపోయింది. శాంపిల్ లేదు, డైరీ లేదు, ప్రతి ప్లే రికార్డవుతోంది. అంతా తెలిశాకే అసలు ప్రశ్న బయటపడింది. ఇంతకీ మనం ఏం తెలుసుకోవాలని లెక్కపెడుతున్నాం?

వైద్యం 2017 జూన్ చివర్లో ప్రకటించారు, జులై 7 చార్టు నుంచి అమలు. రెండు రూల్స్. ఒకటి: ఒక గాయకుడు ప్రధాన ఆర్టిస్టుగా ఉన్న పాటలు టాప్ 100లో మూడుకి మించి ఉండకూడదు. ఎక్కువ ఉంటే పై మూడే ఉంటాయి. రెండోది: కనీసం పది వారాలు చార్టులో ఉండి, మూడు వారాలు వరసగా తగ్గుతూ వచ్చిన పాటకి స్ట్రీముల బరువు సగం. 150కి బదులు 300 స్ట్రీములు ఒక అమ్మకం.

రెండో రూల్ ఏం చేస్తుందో లెక్క వేసి చూడండి. ఒక పాటకి వారంలో 30 లక్షల స్ట్రీములు అనుకుందాం. 150 లెక్కన 20,000 అమ్మకాలు. తర్వాతి వారం కాస్త తగ్గి 29 లక్షలకి వచ్చింది, అదే వారం రూల్ పడింది. ఇప్పుడు 9,667. వినేవాళ్లు మూడు శాతం తగ్గితే చార్టులో సగానికి పైగా తగ్గినట్టు. శుక్రవారం దాకా పైన ఉన్న పాట ఉన్నట్టుండి మెట్ల మీద నుంచి దొర్లినట్టు కింద పడుతుంది.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు చిరాకేసింది. జనం వింటున్నారు, నువ్వెవరు సగానికి కోయడానికి? కానీ పని చేసే కొద్దీ నా అభిప్రాయం మారింది. చార్టుని చిట్టా పుస్తకంలా చూస్తే ఇది దొంగ లెక్కే. చార్టుని వార్తాపత్రికలా చూస్తే, నెల క్రితం వార్తనే మొదటి పేజీలో రోజూ వేయకపోవడం తప్పెలా అవుతుంది? ఈ వారం ఏ పాట లేస్తోంది అన్నది రేడియో వాడికీ, కొత్త పాటల కోసం చూసేవాడికీ కావాలి. దానికోసం వాళ్లు తెలిసి తెలిసి కచ్చితత్వం తగ్గించుకున్నారు. నాకు ఈ కేసులో నచ్చేది ఆ తెగింపు.

అయితే ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. ఆ చార్టు కంపెనీ యజమానులు ఎవరు? బ్రిటన్ రికార్డు కంపెనీల సంఘం, పాటలు అమ్మే వ్యాపారుల సంఘం, ఉమ్మడిగా. కాటా పట్టుకున్నవాళ్లే సరుకు అమ్మేవాళ్లు. ఎప్పుడూ పాత పాటే పైన ఉంటే కొత్త గాయకుడిని ఎక్కించేదెలా అన్న బెంగ వాళ్లకి ఉంటుంది. కొత్తవాళ్లకి చోటివ్వడం కోసమేనని చెప్పారు. నిజమే కావచ్చు. కొత్తవాళ్ల మీద పెట్టుబడి పెట్టిందీ వాళ్లే కదా.

మూడు పాటల రూల్ మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడదు. అమెరికాలో చార్టు నడిపే బిల్‌బోర్డ్ పత్రిక అలాంటి పరిమితి పెట్టలేదు. 2022 నవంబరు 5 తేదీతో వచ్చిన వాళ్ల సింగిల్స్ చార్టు హాట్ 100లో మొదటి పది స్థానాలూ టేలర్ స్విఫ్ట్‌వే. 2024 మే 4 నాటి చార్టులో మొదటి 14. రెండూ ఆమె కొత్త ఆల్బమ్‌ల పాటలే. అవే ఆల్బమ్‌లు వచ్చిన వారాల్లో బ్రిటన్ చార్టు చూస్తే ఆమెవి మూడే పాటలు. రెండు దేశాల్లోనూ జనం ఆల్బమ్‌ని ఒకేలా మొదటి నుంచి చివరి దాకా విన్నారు. ఒక చార్టేమో "ఈ వారం దేశమంతా ఆమే" అని చెప్పింది. ఇంకోటి "ఆమెకి మూడు చాలు, మిగతావాళ్లు ఎలా ఉన్నారో చూడండి" అంది. నాలుగో పాట మాత్రం ఎన్ని లక్షలమంది విన్నా బ్రిటన్ చార్టు దృష్టిలో పుట్టనే లేదు. సగం బరువు అయినా అది బరువే. ఇది చెరిపేయడం. రెండూ ఒకటి కావు.

సగం బరువు రూల్‌కీ దెబ్బ తగిలిన సందర్భం ఉంది. 2022లో ఒక టీవీ సిరీస్‌లో వాడడంతో కేట్ బుష్ 1985 నాటి పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' మళ్లీ లేచింది. పిల్లలు ఎగబడి విన్నారు. కానీ పాత పాటలన్నిటికీ ఆ తగ్గింపు లెక్కే వర్తిస్తుంది. నిజంగా ఎక్కువమంది వింటున్న పాట, రూల్ వల్ల రెండో స్థానంలో ఆగిపోయింది. చివరికి చార్టు కంపెనీ ఆ పాటకి మినహాయింపు ఇచ్చి మామూలు లెక్కలోకి తెచ్చింది. జూన్ 17న అది నంబర్ వన్ అయింది, విడుదలైన 37 ఏళ్లకి. ముసలి పాటలని పక్కకి జరపడానికి పెట్టిన రూల్, పాత పాటే కొత్త వార్త అయితే ఏం చేయాలో ఊహించలేదు. మినహాయింపు ఇవ్వడం మంచి పనే. కానీ రూల్ ఏం కొలుస్తుందో నమ్మకం ఉన్నవాడికి మినహాయింపుతో అవసరం ఉండదు.

2018 జులైలో ఇంకో మార్పు వచ్చింది. మన పని మీదికి వచ్చేసరికి నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. డబ్బు కట్టి వినేవాళ్ల 100 స్ట్రీములు ఒక అమ్మకం, యాడ్స్‌తో ఫ్రీగా వినేవాళ్లవి 600. యూట్యూబ్ లాంటి వీడియోలనీ అప్పుడే లెక్కలోకి తెచ్చారు. ఈ రాళ్లు తెచ్చి మన కాటాలో వేయండి. జూబ్లీహిల్స్‌లో సబ్‌స్క్రిప్షన్ ఉన్న కుర్రాడు ఒక్కసారి వింటే, పాలకొల్లులో ఆటో నడిపే అబ్బాయి ఫ్రీగా ఆరుసార్లు వినాలి సమానం కావడానికి. డబ్బు కోణంలో అది న్యాయమే. ఏ పాట జనంలోకి వెళ్లిందో చెప్పమంటే మాత్రం అది తలకిందుల లెక్క. మన దగ్గర పాటని హిట్ చేసేది ఆటో అబ్బాయే.

ఇక మన సంగతి. తెలుగు పాటలకి అందరూ ఒప్పుకునే సింగిల్స్ చార్టు ఒకటంటూ ఎప్పుడూ నిలబడలేదు. 2021 జూన్‌లో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంఘం వారం వారం ఒక టాప్ 20 మొదలుపెట్టింది గాని, అది విదేశీ పాటలకే. మనకి చార్టు అంటే చాలా ఏళ్లు యూట్యూబ్ ట్రెండింగే. "ట్రెండింగ్ నంబర్ వన్" అని పోస్టర్ పడకపోతే ఫస్ట్ సింగిల్ రిలీజ్ అయినట్టే కాదు అప్పట్లో.

దానికోసం ఏం చేసేవారో బయటపెట్టిన సంఘటన 2019 జులైలో జరిగింది. ర్యాపర్ బాద్‌షా పాట ఒకటి 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ తెచ్చుకుందని, కొరియా బృందం బీటీఎస్ రికార్డుని దాటిందని ప్రకటించారు. యూట్యూబ్ దాన్ని రికార్డుగా గుర్తించలేదు. వ్యూస్ అబద్ధమని కాదు. యాడ్‌గా డబ్బు కట్టి చూపించినవి కూడా అందులో ఉన్నాయి, అప్పటికది రూల్‌కి విరుద్ధమూ కాదు. సెప్టెంబరులో యూట్యూబ్ రూల్ మార్చింది. యాడ్ ద్వారా వచ్చిన వ్యూస్‌ని మ్యూజిక్ చార్టుల్లోనూ 24 గంటల రికార్డులోనూ లెక్కించబోమంది. పాత సేల్స్‌మన్ షాపులో ఫ్రీ రికార్డులు పంచినట్టే ఇదీ, చేతులు మారాయంతే.

మా దగ్గర ఆ తర్వాత జరిగిన ఒక విషయం చెప్తాను. ఒక సినిమా లిరికల్ వీడియో రిలీజ్. ప్రొడ్యూసర్ గారు మాకు చెప్పకుండా బయట ఒక ఏజెన్సీకి యాడ్స్ బడ్జెట్ ఇచ్చారు. రెండో రోజు వ్యూస్ చూసి ఆఫీసులో అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. వ్యూస్ పెరిగినంతగా లైకులు పెరగలేదు. కామెంట్లు మొదటి రోజు దగ్గరే ఆగిపోయాయి. ఎక్కువమంది కొద్ది సెకన్లకే వెళ్లిపోయారు, మొదటి పల్లవి కూడా పూర్తి కాకుండా. వింటున్న ఊళ్లు చూస్తే తెలుగువాళ్లు పెద్దగా ఉండని చోట్లు. ఆడియో యాప్‌లలో ఆ పాట కదల్లేదు, రీల్స్‌లో ఎవరూ వాడలేదు. ట్రెండింగ్‌లోనూ ఎక్కలేదు. వ్యూస్ అంకె మాత్రం నిజం. పోస్టర్ వేసుకున్నారు కూడా. పాట పోయింది.

యాడ్స్ లేకపోయినా మన లెక్కల్లో వేరే చిక్కులున్నాయి. జ్యూక్‌బాక్స్ వీడియోనే తీసుకోండి. సినిమా పాటలన్నీ ఒకే వీడియోలో. దానికి వచ్చిన వ్యూస్ ఏ పాటవి? ఎవరికీ తెలియదు. షీరన్ ఆల్బమ్ వింటే 16 పాటలకీ విడివిడిగా పడిపోయింది. మన జ్యూక్‌బాక్స్ వింటే ఏ పాటకీ పడదు. ఒకే రోగం, రెండు వైపుల నుంచి. పాన్ ఇండియా సినిమా అయితే ఒకే ట్యూన్ తెలుగు, తమిళం, హిందీ, కన్నడం, మలయాళంలో ఐదు పాటలుగా, ఐదు కోడ్‌లతో వెళ్తుంది. లిరికల్ ఒక లెక్క, ఫుల్ వీడియో ఇంకో లెక్క. కలిపితే పెద్ద హిట్, విడదీస్తే ఏదీ పైకి రాదు. ఎలా చెప్పాలన్నది చెప్పేవాడి అవసరం మీద ఉంటుంది. నేనూ అవసరాన్ని బట్టి రెండు రకాలుగానూ చెప్పినవాడినే.

2025 జులైలో యూట్యూబ్ ట్రెండింగ్ పేజీనే తీసేసింది. ఆ వారం మా ఆఫీసులో పెద్ద గోల. ఇప్పుడు మేం పంపే రిపోర్టులో ర్యాంకు కాలమ్ తీసేశాను. ప్రతి అంకె పక్కన నాలుగు విషయాలు రాస్తాం: ఏ భాష, ఏ వీడియో, యాడ్ వ్యూస్ ఎన్ని, ఫ్రీగా విన్నవా లేక డబ్బు కట్టి విన్నవా. కింద విడిగా, పాట సగం దాటాక కూడా ఎంతమంది ఉన్నారన్నది.

మొన్న ఒక ప్రొడ్యూసర్ గారు ఆ షీట్ పైనుంచి కిందకి, కింద నుంచి పైకి రెండుసార్లు చూశారు.

"ఇదంతా బాగానే ఉందయ్యా. ఇంతకీ మనది ఎన్నోది?"

"దేనిలో అండీ?" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి డిజైనర్‌కి కాల్ చేశారు. సాయంత్రానికి పోస్టర్ వచ్చేసింది. దాని మీద పెద్దక్షరాలతో నంబర్ వన్ అని ఉంది. దేనిలో అన్నది చిన్నక్షరాల్లో కూడా లేదు.